గడ్డీ మట్టీ ఇనుమూ: ఇల్లినాయ్ కాలేజీల్లో మొదటి ఏడాది చదువు

చికాగోకు పడమటగా పాతిక నుంచి నలభై మైళ్ళ దాకా వెళ్తే గ్లెన్ ఎలిన్, నేపర్‌విల్, అరోరా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తెలుగువాళ్ళు బాగా స్థిరపడిన ప్రాంతం. అరోరాలో 1986 నుంచి వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడ దర్శనం అయ్యాక క్యాంటీన్‌లో పులిహోర తింటూ మాట్లాడుకునే మాటల్లో సగం పిల్లల చదువుల గురించే. మా మనవడు ఇంటికి దగ్గరలో ఉన్న కాలేజ్ ఆఫ్ డుపేజ్‌లో చేరాడని మా అమ్మాయి చెబితే, ఎదురుగా కూర్చున్నావిడ గొంతు తగ్గించి, "కమ్యూనిటీ కాలేజీయా? పోనీలెండి, రెండేళ్ళయ్యాక మంచి యూనివర్సిటీకి మారొచ్చుగా" అని ఓదార్చింది. ఎందుకు ఓదార్చాల్సి వచ్చిందో చూసి తెలుసుకోవాలనిపించింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో బైపీసీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. ఇంటర్ తర్వాత పిల్లలు ఏమేం చదువుతారన్నది నాకు ఎక్కడికి వెళ్ళినా ఆసక్తే.

నాలా టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు ఈ కాలేజీల్లో చేరి చదవకూడదు. చూడటానికి మాత్రం అడ్డులేదు. మనవడితో కలిసి కారెక్కాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీ. ఇలాంటివి అమెరికాలో సుమారు వెయ్యి ఉన్నాయి. హైస్కూలు పూర్తి చేసినవాళ్ళెవరైనా చేరవచ్చు. ఎంసెట్ లాంటి వడపోత లేదు, ర్యాంకు లేదు. ఆ ప్రాంతంలో ఇళ్ళున్నవాళ్ళు కట్టే ఆస్తిపన్నులో కొంత వాటా ఈ కాలేజీకి వెళ్తుంది కాబట్టి, అక్కడివాళ్ళకు ఫీజు బాగా తక్కువ. డుపేజ్ కాలేజీ 1967లో మొదలైనప్పుడు సొంత భవనమే లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ గది దొరికితే అక్కడ పాఠాలు చెప్పేవారట. విద్యార్థులూ అధ్యాపకులూ ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు కార్లలో పరుగులు పెట్టేవారు. ఇప్పుడు గ్లెన్ ఎలిన్‌లో విశాలమైన ఆవరణ, 20 వేలకు పైగా విద్యార్థులు.

మనవడి టైంటేబుల్ చూశాను. కెమిస్ట్రీ, ఇంగ్లిష్ వ్యాసరచన, సిరామిక్స్, వెల్డింగ్.

"ఇదేం గ్రూపురా?" అన్నాను.

"గ్రూపులుండవు అమ్మమ్మా. నాకు కావాల్సినవి నేనే తీసుకోవచ్చు. కొన్ని మాత్రం అందరూ తీసుకోవాల్సిందే."

ఆ 'అందరూ తీసుకోవాల్సినవి' ఏమిటో తర్వాత కౌన్సెలింగ్ గదిలో ఉన్న కాగితం మీద చూశాను. 37 నుంచి 41 క్రెడిట్లు. రాయడం, మాట్లాడటం నేర్పే కోర్సులకు 9. లెక్కలకు 3 నుంచి 6. భౌతిక, జీవ శాస్త్రాలకు 7 నుంచి 8, అందులో ల్యాబు తప్పనిసరి. సాహిత్యం, తత్వం, కళలకు 9. చరిత్ర, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం లాంటి వాటికి 9. రేపు డాక్టరు కాబోయేవాడైనా అకౌంటెంటు కాబోయేవాడైనా ఈ దారిలోంచి వెళ్ళాల్సిందే. ఈ కట్ట పూర్తిచేసి వెళ్తే క్రెడిట్ల బదిలీ ఒప్పందంలో చేరిన ఇల్లినాయ్ కాలేజీలన్నీ దాన్ని ఒప్పుకుంటాయి. వెల్డింగ్ ఈ కట్టలోకి రాదు. మనవడు అది తన ఇష్టంకొద్దీ తీసుకున్నాడు.

కాలేజీ ఆవరణలోనే గడ్డినేల ఒకటి ఉంది. రసెల్ కర్ట్ అనే జీవశాస్త్ర అధ్యాపకుడు పూనుకుని తిరిగి నిలబెట్టిన ప్రెయిరీ అది. దానికి ఆయన పేరే పెట్టారు. బయాలజీ మొదటి కోర్సులో ఉన్న పిల్లలకు అదే ల్యాబు. నేను వెళ్ళేసరికి సెప్టెంబరు. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి నా తలను దాటి పెరిగి ఉంది. కొనలో వెన్ను మూడు పాయలుగా చీలి, కోడికాలి వేళ్ళలా కనిపిస్తుంది. ఆకు చీల్చి చూశాను, వాసన చూశాను, కణుపు తడిమాను. మన జొన్న, చెరకు, నిమ్మగడ్డి, వట్టివేరు ఏ తెగకు చెందినవో ఇదీ ఆ తెగదే. పది అడుగుల లోతుకు కూడా వేళ్ళు దించుతుంది. పైన నిప్పంటించినా, మంచు కప్పినా కింద బతికే ఉంటుంది. అందుకే ఇలాంటి నేలలను అప్పుడప్పుడు కావాలనే తగలబెడతారు. కలుపు పోతుంది, గడ్డి మళ్ళీ లేస్తుంది.

ఇల్లినాయ్‌లో ఒకప్పుడు రెండు కోట్ల ఎకరాలకు పైగా ఇలాంటి గడ్డినేలే ఉండేది. ఇప్పుడు చెక్కుచెదరకుండా మిగిలింది అందులో పదివేలో వంతు. అంత నేల ఎలా మాయమైంది? జవాబు ఒక కమ్మరి దగ్గరుంది. ఈ నల్ల మట్టి పోత ఇనుము నాగళ్ళకు అంటుకుపోయేది. నాలుగడుగులు దున్నగానే ఆగి గీకాల్సి వచ్చేది. 1837లో గ్రాండ్ డిటూర్ అనే ఇల్లినాయ్ పల్లెలో జాన్ డీర్ అనే కమ్మరి, విరిగిన రంపపు బిళ్ళతో నునుపైన ఉక్కు కర్రు చేశాడు. దానికి మట్టి అంటలేదు. ప్రెయిరీ మొక్కజొన్న చేలుగా మారింది. గడ్డి వేరు కథ బోటనీలో ఉంది, కర్రు కథ కమ్మరి కొలిమిలో ఉంది. రెండూ తెలియకుండా ఈ నేల ఎలా మారిందో ఎవరికీ అర్థం కాదు. ఆ రెండు పాఠాలూ ఒకే కాలేజీలో, నడిచి వెళ్ళే దూరంలో ఉండటం నాకు నచ్చింది.

అక్కడినుంచి మట్టి పని జరిగే గదికి వెళ్ళాం. సారెలు విద్యుత్తుతో తిరుగుతున్నాయి. నెరిసిన జుట్టాయన ఒకరు, పచ్చబొట్ల అమ్మాయి ఒకతి, మావాడి వయసు పిల్లలు మరికొందరు. ఎవరి మట్టిముద్ద ముందు వాళ్ళు వంగి కూర్చున్నారు. ముద్దను సారె నడిమధ్యకు తేవడమే మొదటి పాఠం. అది కుదరనిదే గిన్నె గోడ లేవదు. పొడిగా ఆరిన పాత్రలను ముందు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. మెరుగు పూత వేశాక మళ్ళీ కాలుస్తారు, ఈసారి 1200 దాటించి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటికం రూపు మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే కుంచించుకుపోతుంది. ఆ దగ్గర తొందరపడితే పాత్ర పగులుతుంది. ఇది అక్కడి అధ్యాపకురాలు చెప్పినప్పుడు మావాడు, "ఈ వారం కెమిస్ట్రీలో సిలికా చెప్పారు" అన్నాడు. ఆవం లోపల వేడి ఎంతకు చేరిందో తెలుసుకోవడానికి వేలెడంత మట్టి శంకువులు పెడతారు. అనుకున్న వేడి తగలగానే అవి మెత్తబడి తల వంచుతాయి. వాడు వంగిన శంకువు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పాఠ్యపుస్తకంలో రెండు పంక్తుల్లో ముగిసిపోయే ద్రవీభవన విషయం అక్కడ అరచేతిలోకి వచ్చింది.

అదే ఆవరణలో క్లీవ్ కార్నీ ఆర్ట్ మ్యూజియం ఉంది. 2021 వేసవిలో మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో వేసిన 26 చిత్రాలను అక్కడ ప్రదర్శించారు. పెద్ద నగరాల మ్యూజియాలకు వెళ్ళాల్సిన బొమ్మలు రెండేళ్ళ కాలేజీకి వచ్చాయి. మొదటి ఏడాది డ్రాయింగ్ క్లాసు పిల్లలు బస్సెక్కకుండా చూడగలిగిన గోడలవి.

వెల్డింగ్ షాపు గుమ్మం దగ్గరే కళ్ళద్దాలు ఇచ్చారు. అధ్యాపకుడు అరవై దాటినాయన. వృక్షశాస్త్రం చెప్పేదాన్నని తెలిసి ఒక రాడ్డు నా చేతికిచ్చి దాని మీద అచ్చువేసిన అంకెలు చదవమన్నారు. 7018.

"మొదటి రెండంకెలు చూడండి. 70 అంటే ఈ లోహంతో వేసిన అతుకు చదరపు అంగుళానికి 70 వేల పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. నా పిల్లలు మొదటి వారంలో ఇది నేర్చుకుంటారు. ఎందుకంటే మీరు వెళ్ళే వంతెన మీద ఆ అతుకు ఉంటుంది."

రాడ్డు చుట్టూ ఉన్న పూత కాలి పొగై, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. ఆక్సిజన్, నైట్రోజన్ దూరితే అతుకులో బుడగలు పడతాయి, పెళుసుబారుతుంది. పైన గట్టిపడిన చిట్టాన్ని చిన్న సుత్తితో కొట్టి, వైరు బ్రష్‌తో రుద్దితే కింద అతుకు కనిపిస్తుంది. మావాడి అతుకు మొదట్లో సన్నగా, చివర్లో లావుగా ఉంది. చెయ్యి కదిలే వేగం సమంగా లేదని దాన్ని చూసి చెప్పేశారాయన. తర్వాత ఒక పాత పలకను అతుకుకు అడ్డంగా పట్టీలుగా కోసి, యంత్రంలో పెట్టి వంచారు. ఒక పట్టీ పగలకుండా గుర్రపు లాడంలా వంగింది. పక్కది నడుమ చీలింది. చీలిన చోట గుండుసూది తలంత నల్లని గుంటలు. "బయటికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా" అన్నారు. ఏళ్ళ తరబడి జవాబుపత్రాలు దిద్దిన నాకు ఇంత నిజాయితీ గల పరీక్ష ఎక్కడా కనబడలేదు.

ఏసీ, హీటింగ్ పనులు నేర్పే చోట గుప్తోష్ణం మీద పాఠం జరుగుతోంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందన్న సూత్రం మన ఇంటర్ ఫిజిక్సులోనూ ఉంది. ఇక్కడ దాన్ని చెప్పినాయన వెంటనే గేజీలు తగిలించి, గొట్టం ఒక చివర చల్లగా, ఇంకో చివర వేడిగా ఎందుకుందో పిల్లల చేత తాకించి చూపించారు.

ఇంటికి వస్తూ కట్టుబడిలో ఉన్న ఇంటి దగ్గర ఆగాం. ఇక్కడి ఇళ్ళకు అస్థిపంజరమంతా కర్రే. నిలువు కర్రల మధ్య దూరం ఒక కర్ర నడుమ నుంచి ఇంకో కర్ర నడుమకు 16 అంగుళాలు. నిర్మాణ సామగ్రి కోర్సు చదివే స్నేహితుడి దగ్గర విన్న సంగతి మావాడు విడమరిచి చెప్పాడు. ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. 4 అడుగులంటే 48 అంగుళాలు, మూడు పదహార్లు. 8 అడుగులంటే ఆరు పదహార్లు. షీటు అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా అంచు సరిగ్గా కర్ర మీదే పడుతుంది, మేకు గాలిలో దిగదు. మూల మట్టంగా ఉందో లేదో చూడటానికి ఒక వైపు 3, ఇంకో వైపు 4 కొలిచి, ఆ రెంటికీ మధ్య 5 వస్తోందా అని చూస్తారు. మన ఊళ్ళో తాపీమేస్త్రీలు ముగ్గు పోసేటప్పుడు చేసేదీ ఇదే. పైథాగరస్ సిద్ధాంతం రెండు చోట్లా నేల మీదే ఉంది. తేడా ఏమిటంటే, ఇక్కడ మేస్త్రీ కాబోయేవాడికి ఆ లెక్క మీద క్రెడిట్ ఇస్తారు.

ఈ చదువు ఎక్కడ పుట్టిందో చూడాలని మరో రోజు జోలియట్ వెళ్ళాం. నేపర్‌విల్ నుంచి దక్షిణంగా ఇరవై మైళ్ళు. దారిలో ప్లెయిన్‌ఫీల్డ్ వస్తుంది. 1990 ఆగస్టు 28న అక్కడ ఎఫ్-5 స్థాయి టోర్నడో విరుచుకుపడి 29 మందిని పొట్టన పెట్టుకుంది, హైస్కూలును నేలమట్టం చేసింది. డుపేజ్ కాలేజీలో వాతావరణశాస్త్రం చదివే పిల్లలు దానికి ముందు ఏడాది, 1989 నుంచే వసంతకాలంలో వ్యాన్లు కట్టుకుని తుపానుల వెంట మైదాన రాష్ట్రాలకు వెళ్తున్నారు. మేఘం ఎలా సుడి తిరుగుతుందో దూరం నుంచి చూసి, రాడార్ బొమ్మతో పోల్చుకుని, దానికి క్రెడిట్లు తెచ్చుకుంటారు. టోర్నడోలు వచ్చే నేల మీద ఇది మొదటి ఏడాది పిల్లలకు అవసరమైన విజ్ఞానమే.

జోలియట్ సున్నపురాయి గనుల ఊరు. ఆ రాతితోనే 1901లో కట్టిన హైస్కూలు ఇప్పటికీ కోటలా నిలబడి ఉంది, ఇప్పటికీ అది హైస్కూలే. అప్పటి సూపరింటెండెంటు జె. స్టాన్లీ బ్రౌన్, చికాగో విశ్వవిద్యాలయం తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి ఒక ఆలోచన చేశారు. యూనివర్సిటీ మొదటి రెండేళ్ళ చదువును పిల్లలకు సొంత ఊళ్ళోనే, హైస్కూల్లోనే చెబితే ఏం? ఊరు దాటి వెళ్ళే స్తోమత లేనివాళ్ళకు అదే ఆధారం. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. అదే జోలియట్ జూనియర్ కాలేజీ. దేశంలో నాటి నుంచి ఆగకుండా నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికన్నా పాతది. 1944లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల చదువుకు చట్టం వచ్చింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్ ఇలాంటి కాలేజీలు దేశమంతటా కావాలంది. 1965లో ఇల్లినాయ్ తన చట్టం చేసుకుంది. ఆరుగురు విద్యార్థుల ప్రయోగం దేశవ్యాప్త వ్యవస్థ అయింది.

ఇప్పటి ప్రధాన ఆవరణ హూబోల్ట్ రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు పేరు వెనక ఒక విద్యార్థి ఉన్నాడు. జాన్ హూబోల్ట్ ఈ ఊరి దగ్గర పొలంలో పెరిగినవాడు. జోలియట్ జూనియర్ కాలేజీలో చదివి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి మారి సివిల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. చంద్రుడి మీదికి మొత్తం రాకెట్టును దించనక్కర్లేదు, కక్ష్యలో ఒక నౌకను ఉంచి చిన్న వాహనాన్ని కిందికి పంపి మళ్ళీ కలుపుకోవచ్చని నాసాలో పెద్దలందరితో పోరాడి ఒప్పించినవాడతను. 1962లో నాసా ఆ దారినే ఎంచుకుంది. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టింది ఆ దారినే. గుడి క్యాంటీన్‌లో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళందరికీ ఈ రోడ్డు చూపించాలి.

మంచి మాటలు చెప్పి కష్టాలు దాచడం సరికాదు. కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్ళలో ఎక్కువమంది డిగ్రీ పట్టా కోరుకునే వస్తారు. కానీ నాలుగేళ్ళ కాలేజీకి మారేది సుమారు మూడో వంతు. ఆరేళ్ళలో బ్యాచిలర్స్ పట్టా చేతికి వచ్చేది నూటికి 16 మందికే. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు, ఇంట్లో పసిపిల్లలు. నేను చూసిన తరగతుల్లో సగం మంది అలసిపోయి వచ్చినవాళ్ళే. వృత్తి కోర్సుల క్రెడిట్లు యూనివర్సిటీకి పూర్తిగా బదిలీ కావు. తలుపు తెరిచి ఉంచడం ఒక ఎత్తు, లోపలికి వచ్చినవాణ్ణి గట్టెక్కించడం ఇంకో ఎత్తు. మొదటిది అమెరికా చేసింది, రెండోది ఇంకా సగంలోనే ఉంది.

అయినా ఆ మొదటి పని మనం చెయ్యలేదు. పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో పదిహేనేళ్ళ పిల్లవాడి చేత ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని తేల్చేయిస్తాం. మార్కులు తగ్గితే ఐటీఐ అంటాం, ఆ మాట కూడా శిక్ష వేసినట్టు అంటాం. ఎంపీసీ పిల్లవాడికి ఆకు లోపలి నిర్మాణం ఇక తెలియదు. బైపీసీ పిల్ల వృత్తలేఖిని మళ్ళీ పట్టదు. ఐటీఐలో ఫిట్టర్ చదివేవాడికి కవిత్వం చెప్పేవాళ్ళుండరు. బొమ్మలు వేసే పిల్ల ఎవరి లెక్కలోనూ ఉండదు. నా తరగతిలో అద్భుతంగా బొమ్మలు గీసే పిల్లలు ఏటా కనిపించేవారు. రికార్డు పుస్తకంలో పువ్వు నిలువుకోత గీయడమే వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క కళ.

మన బళ్ళలో ఒకప్పుడు క్రాఫ్టు మాస్టారు ఉండేవారు. నూలు వడకడం, నేత, కర్రపని నేర్పేవారు. 1937లో గాంధీజీ వార్ధాలో చెప్పింది చేతిపని ద్వారా చదువే. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలు కావాలంది. ఆలోచనకు మనకు లోటు లేదు, దాన్ని నిలబెట్టలేదు, అంతే. ఇప్పుడు క్రెడిట్లు జమచేసుకునే జాతీయ వ్యవస్థ కాగితం మీదికి వచ్చింది. వృత్తివిద్యకూ, సాధారణ విద్యకూ ఒకే కొలత పెట్టాలన్న మాటా వచ్చింది. కావాల్సింది ఆ కొలతను వాడే గదులు.

మన జిల్లా కేంద్రాలు చాలావాటిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పాలిటెక్నిక్, ఐటీఐ మూడూ ఉన్నాయి. ఆటో ఎక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళిపోవచ్చు. కానీ ఒక కాలేజీ పిల్లలు ఇంకో కాలేజీ గుమ్మం తొక్కరు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు వారానికి ఒక పూట ఐటీఐ వర్క్‌షాపులో, ఐటీఐ పిల్లలు ఒక పూట డిగ్రీ కాలేజీ ల్యాబులో, తెలుగు తరగతిలో కూర్చునేలా ఒక జిల్లాలో మొదలుపెట్టవచ్చు. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టులు కూడా మొదట్లో అక్కర్లేదు. టైంటేబుల్ కలపాలి, చేసిన పనికి క్రెడిట్ ఇవ్వాలి, ముగ్గురు ప్రిన్సిపాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. జోలియట్‌లో ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుని ఆరుగురు విద్యార్థులతో మొదలుపెట్టారు. మనం అరవై మందితో మొదలుపెట్టవచ్చు. ఊరికి తిరిగి వచ్చాక నేను పనిచేసిన జిల్లాలో ఈ మాటే అడుగుతున్నాను, జవాబు వచ్చేదాకా అడుగుతాను.